సాయంత్రం ఐదు దాటాక వినరాదు

నీటి తీరువా మదింపు శాఖ జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటు పసుమర్తి కోదండపాణి అంతటి మంచి ఆఫీసరు లేడని జనం అనుకునేవారు. అర్జీ పట్టుకుని ఎవరొచ్చినా కుర్చీ చూపించేవాడు. వాళ్ళ మొహంలోకి చూస్తూ తల ఊపేవాడు. మధ్యలో అడ్డు తగిలేవాడు కాదు. అంతా అయ్యాక "చూద్దాం" అనేవాడు. వచ్చినవాళ్ళు కడుపు నిండినట్టు వెళ్ళిపోయేవారు. పని కాలేదన్న సంగతి వాళ్ళకు ఇల్లు చేరాక ఎప్పుడో తట్టేది. ఆయన నేర్పును పైవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. కొత్తగా చేరిన గుమాస్తాలను కొన్నాళ్ళు ఆయన పక్కన కూర్చోబెట్టి ఆ "చూద్దాం" అనే తీరు నేర్పించిన రోజులు కూడా ఉన్నాయి.

అసలు సంగతేమిటంటే కోదండపాణికి వినపడదు. పూర్తిగా కాదు. అరిస్తే వినపడుతుంది. మగవాళ్ళ గొంతు సగం అందుతుంది, ఆడవాళ్ళ గొంతు దాదాపు అందదు. ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడంటారు, చెవికి మిషను పెట్టుకుంటే చెవిటివాడంటారు, అదీ ఆయన భయం. ఆ భయంతోనే "చూద్దాం" అన్న మాటను ఊతకర్రలా పట్టుకుని ఉద్యోగం నెట్టుకొచ్చాడు.

ఇంట్లో భార్య హైమవతి దగ్గరా అదే మాట. మొదట్లో ఆవిడ గట్టిగా చెప్పేది. తర్వాత రెండేసి సార్లు చెప్పేది. ఆ తర్వాత గోడతో చెప్పుకున్నట్టుందని మానేసింది. కోదండపాణి మాత్రం వయసు మీదపడి మనిషి నెమ్మదించిందనుకున్నాడు, లోలోపల కొంచెం సంతోషించాడు కూడా.

ఇలా కాలం గడిచిపోతుండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి శాఖా శ్రవణారోగ్య పక్షోత్సవాలు జరపాలి. జిల్లాకు జాయింట్ డైరెక్టర్ చక్రధరరావుగారు. ఆయనకు ఉత్తర్వు అందితే చాలు, ఆకలి దప్పులుండవు. మొక్కలు నాటమన్నప్పుడు కార్యాలయం వరండాలో సిమెంటు పగలగొట్టి మరీ నాటించిన మనిషి. చెవి ఆరోగ్యం గురించి జనానికి తెలియజెప్పడానికి ఆయన ఊరేగింపు పెట్టించాడు. ముందు తీన్మారు డప్పులు, వెనక వ్యాను మీద మనిషెత్తు సౌండు బాక్సులు, ఆ వెనక "అధిక శబ్దం చెవికి శత్రువు" అన్న బ్యానరు పట్టుకుని ఉద్యోగులు. ఊరేగింపు ఆసుపత్రి వీధిలోంచి వెళ్ళినప్పుడు రోగులు కిటికీలు మూసుకున్నారు. అది జనంలో వచ్చిన చైతన్యమని నివేదికలో రాసుకున్నారు.

సభలో చక్రధరరావుగారు మైకు పట్టుకుని గంభీరంగా సెలవిచ్చారు.

"వినుట అనునది పరిపాలనకు ప్రాణం. ప్రభుత్వం విన్నట్టు కనిపించడం ఎంత ముఖ్యమో, విన్నట్టు కనిపించే ప్రభుత్వం అప్పుడప్పుడూ వినడం కూడా అంతే ముఖ్యం."

వెనక వరసల వాళ్ళు వినపడలేదన్నారు. సౌండు పెంచారు. ముందు వరసల వాళ్ళు చెవులు మూసుకున్నారు. అప్పటికీ వెనక వాళ్ళకు వినపడలేదంటే ఇంకా పెంచారు. అధిక శబ్దం వల్ల కలిగే అనర్థాలను జిల్లా ప్రజలు అంత దగ్గరగా తెలుసుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు కార్యాలయంలోనే చెవి పరీక్షలు. వినికిడి తగ్గినవాళ్ళకు బదిలీల నుంచి మినహాయింపు ఉంటుందని ఎవరో అన్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా అకౌంట్సు సెక్షను మొత్తానికి చెవుడు వచ్చేసింది. డాక్టరు నీలవేణి ఓపికగా అందరినీ కూర్చోబెట్టి, చెవిలో గొట్టం పెట్టి, మనిషి నోటితో పనిలేని పరీక్ష చేసింది. వినపడదన్నవాళ్ళందరికీ శుభ్రంగా వినపడుతోందని యంత్రం చెప్పింది. నాకు బ్రహ్మాండంగా వినపడుతుంది, పరీక్ష అక్కర్లేదని తప్పించుకు తిరిగిన కోదండపాణిని పట్టి కూర్చోబెడితే, రెండు చెవులూ చాలా దూరం పోయాయని తేలింది.

చక్రధరరావుగారి ఆనందానికి హద్దు లేదు. పక్షోత్సవాలు చూపించుకోవడానికి ఆయనకు ఒక చెవిటివాడు కావాలి, అతను సొంత శాఖలోనే దొరికాడు. శాఖ నిధులతో మంచిరకం వినికిడి యంత్రాల జత తెప్పించి, వేదిక మీద, ఫొటోగ్రాఫరు చెప్పినట్టు కాస్త కుడివైపు తిరిగి, స్వహస్తాలతో కోదండపాణి చెవులకు తగిలించారు.

కోదండపాణి సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ చప్పట్లు మొదలయ్యేసరికి ఆ సిగ్గు కూడా మరిచిపోయి బెదిరిపోయాడు. కాయితం మడిస్తే పేలాలు వేగినట్టుంది. ఫ్యాను తిరుగుతుంటే నెత్తిన కూలుతుందేమోనని పైకి చూశాడు. డాక్టరమ్మ నవ్వి, చెవి మర్చిపోయిన చప్పుళ్ళను మళ్ళీ అలవాటు చేసుకోవాలంది. మొదట ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నచోట, ఇంట్లోవాళ్ళ మాటలు వింటూ అలవాటు చేసుకోవాలట. పడుకునేటప్పుడూ స్నానానికీ తప్ప తీయకూడదట. తడి తగలనివ్వకూడదు, గులిమి చేరకుండా తుడుచుకోవాలి, చెవిలో పుల్లలు, పిన్నీసులు పెట్టకూడదు. కోదండపాణి ఇవన్నీ విన్నాడు, నిజంగానే విన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి మాటలు వినిపించాయి. ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాడు. తొంగిచూస్తే హైమవతి ఒక్కతే ఉంది. వంకాయ కోస్తూ, కోసిన వంకాయతో మాట్లాడుతోంది. పుచ్చు వంకాయలు అంటగట్టిన బండివాణ్ణి తిట్టింది. గ్యాసు మంట తగ్గించింది, మోకాలు సలుపుతోందంది. "ఈయనొచ్చే వేళయింది, కాఫీ పెట్టాలి, చెప్పినా వినిపించుకోడు గానీ రేపు కరెంటు తీసేస్తారట" అంది. అంతా మామూలు గొంతుతో, పక్కనే మనిషున్నట్టు. ఇన్నేళ్ళూ ఆవిడ మౌనంగా ఉందనుకున్నాడు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. మాట్లాడటం కాదు, ఆయనకు చెప్పడమే మానేసింది. 

"రేపు ఎన్నింటికి తీస్తారట కరెంటు?" అన్నాడు గుమ్మంలోంచి.

హైమవతి చేతిలోని వంకాయ కత్తిపీట మీంచి జారిపోయింది. ఆ రాత్రి భోజనం దగ్గర ఆవిడ ఆపకుండా మాట్లాడింది, ఆయన ఒక్కసారి కూడా చూద్దాం అనలేదు.

మర్నాడు ఉదయం స్టోర్సు సూపరింటెండెంటు ఆదిశేషయ్య వచ్చి కోదండపాణి బల్ల ముందు నిలబడ్డాడు. ఆదిశేషయ్య చెడ్డవాడు కాదు. స్టాప్లర్ అడిగితే సంతకం తీసుకుని ఇస్తాడు, అందులో పిన్నులు అడిగితే మరో సంతకం తీసుకుంటాడు, అంతే. ఆయనకు రూల్సంటే పెళ్ళాం పిల్లలకన్నా ఎక్కువ.

"పాణిగారూ, చెవులు మీవే, కాదనడం లేదు. మిషన్లు మాత్రం శాఖవి. నిన్న సాయంత్రం ఎవరినడిగి ఇంటికి పట్టుకెళ్ళారండీ?"

ఆదిశేషయ్య ఆ మిషన్లు ఏ తరగతి ఆస్తి కిందకు వస్తాయో రాత్రంతా ఆలోచించాడట. కుర్చీ కాదు, బీరువా కాదు. బ్యాటరీ ఉంది, మనిషితో పాటు కదులుతుంది, కనుక వాహనం కిందకే వస్తుంది. ప్రభుత్వ వాహనాన్ని సొంత పనులకు వాడకూడదు, ఆఫీసు అయ్యాక షెడ్డులో పెట్టాలి. ఈ పాయింటు జాయింట్ డైరెక్టరుగారి దగ్గరకు వెళ్ళింది, ఆయనకు నచ్చింది, సాయంత్రానికి మెమో వచ్చింది.

"ప్రభుత్వ పరికరముతో స్వంత సంగతులు వినుట దుర్వినియోగము క్రిందకు వచ్చును. కావున సదరు యంత్రములను ప్రతిదినము సాయంత్రము ఐదు గంటలకు స్టోర్సు బీరువాయందు జమచేయవలెను. ఆదివారములు, సెలవు దినములలో వినరాదు."

డాక్టరు నీలవేణి ఇంట్లో కూడా పెట్టుకుంటేనే ప్రయోజనమని చీటీ రాసిచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. చెవి గురించి డాక్టరుగారు చెప్పవచ్చును గానీ ఆస్తి గురించి శాఖ చెప్పవలెనని జవాబు వచ్చింది. కోదండపాణి స్వయంగా వెళ్ళి వేడుకుంటే చక్రధరరావుగారు నొచ్చుకున్నారు. ఇవాళ మీరు ఇంట్లో వినడానికి చెవి మిషను పట్టుకెళితే, రేపు ఇంట్లో కూర్చోవడానికి ఇంకొకరు ఆఫీసు కుర్చీ పట్టుకెళతారన్నారు. సొంతంగా ఒక జత కొనుక్కుందామంటే కూతురి చదువుకే జీతం చాలడం లేదు. పైగా ఒక అధికారికి రెండు వాహనాలు ఉండకూడదని ఆదిశేషయ్య ముందే చెప్పి ఉంచాడు.

మెమో వచ్చిన సాయంత్రమే హైమవతి కాఫీ గ్లాసు పెట్టి, ఎదురుగా కూర్చుని, నిన్నటి గొంతుతోనే ఏదో మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. కోదండపాణి తల ఊపాడు. ఆవిడ ఆగి, ఆయన చెవుల వైపు చూసింది.

"చూద్దాం" అన్నాడు ఆయన, అలవాటు కొద్దీ.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మిషన్లు బీరువాలో ఉన్నాయని ఆయన వెనకాలే వెళ్ళి మెమో సంగతంతా చెప్పాడు. ఆవిడేదో అంది. ఏమందో ఆయనకు తెలియలేదు, తెలియలేదన్న బాధ మాత్రం మొదటిసారి తెలిసింది. వినపడనంత కాలం ఏం పోగొట్టుకుంటున్నాడో ఎరగడు. ఒక్క పూట విన్నాక ఇల్లంతా బావురుమంటోంది.

ఆఫీసులో మాత్రం రూల్సు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రభుత్వ వాహనాన్ని అధికారి స్వయంగా నడపరాదు గనుక, మరమ్మతుకెళ్ళిన జీపు తాలూకు డ్రైవరు సన్యాసిని చెవి మిషన్ల మీద వేశారు. అతను రోజూ ఉదయం వాటిని పసుపు గుడ్డతో తుడిచి, ఒకటికి రెండుసార్లు ఊది, కోదండపాణి చెవుల్లో పెట్టేవాడు. కుడిచెవికి పెట్టేటప్పుడు ఎడమవైపు వంగండి సార్ అనేవాడు, ఇన్నాళ్ళూ లారీలను వెనక్కి నడిపించిన గొంతుతో. చింతగింజంత మిషను మీద శాఖ పేరు ఎర్ర రంగుతో రాయబోతే మొదటి అక్షరం మాత్రమే పట్టింది.

ఆపై ఆఫీసు వేళల్లో సొంత వినికిడి సమస్య తలెత్తింది. భోజనాల దగ్గర ఒకాయన కోడలి సంగతులు చెబితే కోదండపాణి విన్నాడని, అది ప్రభుత్వ బ్యాటరీతో జరిగిందని ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. సొంత మాటలు మొదలవగానే మిషన్లు తీసేయాలని ఆజ్ఞ అయింది. తీసేశాక మళ్ళీ ఆఫీసు మాటలు ఎప్పుడు మొదలయ్యాయో ఆయనకెలా తెలుస్తుందని ఎవరో అడిగితే దానికో కమిటీ వేశారు. కమిటీ తేల్చినదాని ప్రకారం, ఆయన ఎదుట సొంత సంగతి మాట్లాడదలచినవాళ్ళు ముందు ఎర్ర గుడ్డ ఎత్తాలి, ఆఫీసు సంగతికి వచ్చినప్పుడు పచ్చ గుడ్డ ఎత్తాలి. ధరల గురించి మాట్లాడేటప్పుడు ఏ గుడ్డ ఎత్తాలన్నది ఇప్పటికీ తేలలేదు.

ఇంతలో చక్రధరరావుగారికి మరో ఆలోచన వచ్చింది. ప్రతి సోమవారం జనం అర్జీలు పట్టుకొస్తారు, వాటిని ఎవరో ఒకరు వింటారు. ఆ వినేవాడికి వినపడుతుందని రుజువేమిటి? శాఖలో ఇంత వినపడుతుంది, ఇంత వినపడదు అని కాయితం ఉన్నది ఒక్క కోదండపాణికే. మిగతావాళ్ళకు వినపడుతుంది గానీ ఆ మాట రాసి ఉన్న కాయితం లేదు. కనుక ధ్రువీకృత శ్రవణము గల ఉద్యోగి విన్న అర్జీలు మాత్రమే విన్నట్టు లెక్క అని ఉత్తర్వు చేశారు. జిల్లా మొత్తం కోదండపాణి ముందు వరస కట్టింది.

ఆయన ఇప్పుడు వింటున్నాడు మరి. నీళ్ళే రాని పొలానికి తీరువా వేశారని ముసలామె చెబితే విన్నాడు. చచ్చిపోయిన తండ్రి పేరు మీద నోటీసు వచ్చిందని కొడుకు చెబితే విన్నాడు. విన్నాక చూద్దాం అనడం నోటికి రాలేదు. రెండు మూడు పనులు అక్కడికక్కడే చేసిపెట్టాడు, దాంతో పైవాళ్ళు కొంచెం కంగారుపడ్డారు. కానీ ఐదు కొట్టగానే సన్యాసి వచ్చి మిషన్లు ఊడదీసేవాడు. ఊళ్ళోవాళ్ళ గోడు మొత్తం విన్న మనిషి ఇంటికెళ్ళి భార్య ఎదుట బొమ్మలా కూర్చునేవాడు. ఈ ఉద్యోగం కన్నా చెవుడే నయమనిపించేది ఆయనకు.

ఒక సోమవారం వరసలో తల వంచుకుని అర్జీ తీసుకుంటున్న కోదండపాణికి ఎరిగిన నీరుకావి రంగు చీర కనిపించింది. తల ఎత్తాడు. హైమవతి. పక్క కుర్చీలో అధ్యక్షత వహిస్తున్న చక్రధరరావుగారు ఆవిణ్ణి ఎరగరు, ఏమ్మా నీ సమస్య అన్నారు.

"మా ఆయన మీదండీ అర్జీ. ఇంట్లో నా మాట వినపడదు ఆయనకి. ఆఫీసులో అయితే వినపడుతుందని ఊరంతా చెప్పుకుంటున్నారు. అందుకని చెప్పుకోడానికి ఇక్కడికే వచ్చాను."

మీ ఆయన ఎవరని అడిగితే, ఎదురుగా కూర్చున్నాయనే అంది. హాల్లో ఫ్యాను చప్పుడు కూడా కోదండపాణికి వినిపిస్తూనే ఉంది. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"మా అక్క పోయిందని ఫోనొచ్చిన రోజున మీ పక్కనే కూచుని చెప్పానండీ. చూద్దాం అన్నారు. నేను ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. మీకు వినపడలేదని నాకు తెలుసు. అయినా ఆ మాట మీకు చెప్పాలి కదా. ఇప్పుడు వినపడిందా?"

"వినపడింది హైమా" అన్నాడు కోదండపాణి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

చక్రధరరావుగారు గొంతు సవరించుకున్నారు. ఇది కుటుంబ విషయము, శాఖా పరిధిలోనిది కాదు, వెళ్ళి రామ్మా అన్నారు. హైమవతి కదల్లేదు. ఎన్నో ఏళ్ళు గుమాస్తా భార్యగా ఉన్నావిడ, కంప్యూటర్లో ఎక్కిన అర్జీని ఉట్టినే తిప్పి పంపడం కుదరదని ఆవిడకు తెలుసు. మెల్లగా, వినయంగా, విచారణ వేయించండి బాబూ అంది.

పక్కనున్న గుమాస్తా అర్జీ అప్పుడే ఎక్కించేశానని, తేల్చకపోతే రాష్ట్ర కార్యాలయం కంప్యూటరు తెర మీద మన జిల్లా ఎర్రరంగులో కనిపిస్తుందని చెవిలో ఊదాడు. ఎర్రరంగు అనేసరికి చక్రధరరావుగారు సర్దుకుని కూర్చున్నారు. సరే, విచారణే. మరి విచారణాధికారి ఎవరు? ఉత్తర్వు ప్రకారం ధ్రువీకృత శ్రవణము గల ఉద్యోగే ఫిర్యాదుదారు మాట వినాలి. అలాంటివాడు ఒక్కడే ఉన్నాడు. ఎవరి మీద అర్జీయో ఆయనే విచారించడం పద్ధతేనా అని ఆలోచించారు. ఆదిశేషయ్యను పిలిపించారు. శాఖలో సాధారణంగా అలాగే జరుగుతుందని ఆయన గుర్తు చేశాడు.

విచారణ ఎక్కడ? సంఘటనా స్థలంలో, అంటే ఇంట్లో. ఎప్పుడు? వినపడకపోవడం జరిగే వేళల్లో, అంటే ఐదు దాటాక, ఆదివారాలు, సెలవుల్లో. పరికరం లేకుండా విచారణాధికారి వెళ్ళి ఏం వింటాడు? ఆదిశేషయ్య రూల్సు పుస్తకం తిరగేసి, డ్యూటీ మీద వెళ్ళిన ప్రభుత్వ వాహనం రాత్రి ఆ చోటనే నిలపవచ్చునని చదివాడు. ఓవర్‌టైము మంజూరు లేదు గనుక డ్రైవరు రానక్కర్లేదు. ఇల్లు మరీ దగ్గర గనుక ప్రయాణభత్యం రాదు. భత్యం రానందుకు పాపం ఆయన నిజంగానే విచారం వెలిబుచ్చాడు.

ఆ సాయంత్రం ఐదింటికి సన్యాసి పసుపు గుడ్డతో వస్తే, కోదండపాణి ఉత్తర్వు కాయితం చూపించాడు. చెవుల్లో మిషన్లతోనే మెట్లు దిగాడు. రోడ్డు మీద ఆటోలు, సైకిలు బెల్లులు, బజ్జీల బండి దగ్గర నూనె చిటపటలు వింటూ నడిచాడు.

ఇంట్లో హైమవతి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. పొద్దున హాల్లో అంత ధైర్యంగా మాట్లాడిన మనిషి ఇప్పుడు కొంగు మెలిపెడుతోంది. వాంగ్మూలం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారని అడిగింది. ఎక్కణ్ణుంచైనా సరే, తొందరేం లేదన్నాడు ఆయన. ఆవిడ కాసేపు ఆలోచించి, వాళ్ళక్కా తనూ చిన్నప్పుడు ఒకే జడపిన్ను కోసం కొట్టుకున్న రోజు నుంచి మొదలుపెట్టింది. కోదండపాణి కాఫీ చల్లారనిచ్చి విన్నాడు.

నెల తిరిగేసరికి మధ్యంతర నివేదిక పెట్టాడు. ఫిర్యాదుదారు వాంగ్మూలము కొనసాగుచున్నది, ఇంకను చాలా విషయములు రావలసి ఉన్నందున గడువు పొడిగించ ప్రార్థన. చక్రధరరావుగారు పొడిగించారు. ఆ మరుసటి నెలా పొడిగించారు. శాఖలో విచారణ అనేది ఒకటి మొదలైతే ముగిసిన దాఖలా ఎవరికీ గుర్తులేదు గనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు.

కోదండపాణికి వచ్చే ఏడు రిటైర్మెంటు. ఉద్యోగం అయిపోతే విచారణా అయిపోతుందేమో, మిషన్లు బీరువాలోకి వెళ్ళిపోతాయేమోనని లోపల ఒక దిగులు పట్టుకుంది. చివరికి ఉండబట్టలేక ఆదిశేషయ్యను అడిగాడు. ఆదిశేషయ్య పుస్తకం తెచ్చి, వేలు పెట్టి, రిటైరైనంత మాత్రాన పెండింగులో ఉన్న విచారణ ఆగదని, తేలేవరకూ యథాప్రకారం సాగుతుందని చదివి వినిపించాడు.

కోదండపాణి ఇంకొక్కసారి చదవమన్నాడు. వినపడక కాదు.